160, 80, 40 మీటర్ల బ్యాండ్లలో రొద: ఎక్కడ పుడుతోందో పట్టుకొని ఆపడం ఎలా?

రాత్రి ఎనిమిది దాటింది. హ్యామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకొని సరదాకు మాట్లాడుకునే రేడియోలో, 80 మీటర్ల బ్యాండు (తరంగం పొడవును బట్టి ఫ్రీక్వెన్సీల గుంపుకు పెట్టిన పేరు) మీద కర్నూలు వైపు నుంచి ఎవరో పిలుస్తున్నారు. గొంతు వినపడుతోంది, మాట మాత్రం అందడం లేదు. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ముల్లు ఎస్9 అనే పై గీత దగ్గరే కూర్చుంది. నల్లగొండ శివార్లలో ఇల్లు కట్టుకొని డైపోల్ (మధ్యలో కేబుల్ కట్టిన తీగ యాంటెన్నా) ఎత్తిన మొదటి ఏడాది నాకు రోజూ ఇదే బాధ. పట్నం వదిలి వచ్చాం కదా, బ్యాండ్ చల్లగా ఉంటుందనుకున్నా. ఉండలేదు. ఫిల్టరు కొన్నా, రొద తగ్గించే స్పీకరు కొన్నా, యాంటెన్నా రెండుసార్లు మార్చా. ఆఖరికి తేలిందేమిటంటే, సగం రొద నా బల్ల మీది వైఫై రూటర్ అడాప్టర్‌దే.

అందుకే ఈ వ్యాసంలో ముందు వెతకడం గురించే ఎక్కువ చెబుతాను, కొనడం గురించి తర్వాత. ఆ వరుస తలకిందులు చేస్తే నాలాగే డబ్బు పోతుంది.

ఈ బ్యాండ్లకే ఎందుకింత రొద?

మనుషుల కరెంటు సామాన్ల నుంచి పుట్టే రొద ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్కల ప్రకారం 3.5 మెగాహెర్ట్జ్ (80 మీటర్లు) నుంచి 28కి (10 మీటర్లు) వెళ్తే ఈ రొద సుమారు 25 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే ఎస్-మీటర్ మీద నాలుగు గీతలకు పైమాటే. 10 మీటర్ల మీద వినిపించని అడాప్టర్ 80 మీటర్ల మీద గొంతెత్తి అరవడానికి కారణం అదే. పైగా ఇంటి వైరింగు, వీధి తీగలు, పొలాల మీదుగా వెళ్లే 11 కేవీ లైన్లు పదుల, వందల మీటర్ల పొడవుంటాయి. 80 మీటర్ల తరంగానికి అవి మంచి యాంటెన్నాలే. ఎక్కడో పుట్టిన రొదను ఆ తీగలే మోసుకొచ్చి మీ ఇంటి ముందు దింపుతాయి.

దీనికి తోడు ఆకాశం. పగలు పై వాతావరణమైన అయనావరణంలోని డి పొర ఈ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది కాబట్టి దూరపు ఉరుముల చప్పుడు రాదు. పొద్దు గుంకాక ఆ పొర కరిగిపోతుంది. వందల కిలోమీటర్ల అవతలి పిడుగు కూడా మీ స్పీకర్లో చిటపటలాడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే సాయంత్రాల గాలిదుమారాలు మొదలైనప్పటి నుంచి వానాకాలం వెళ్లేదాకా 160 మీటర్ల మీద ఆశ పెట్టుకోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అసలైన కాలం. ఉరుముల రొదకు మందు లేదు. అది లేనప్పుడు కూడా ముల్లు దిగకపోతే, అప్పుడు వేట మొదలుపెట్టాలి.

తేడా ఇట్లా తెలుస్తుంది. ఆకాశపు రొదకు లయ ఉండదు. ఉండుండి ఫటేలుమంటుంది, పడిపోతుంది, బ్యాండంతా ఒకేసారి వస్తుంది. సూర్యాపేటలోనో జడ్చర్లలోనో ఉన్న మిత్రుణ్ని అడిగితే ఆయనకూ అదే సమయంలో వినపడుతుంది. స్థానిక రొదకు లయ ఉంటుంది, గడియారం ఉంటుంది, మిత్రుడికి వినపడదు.

మొదటి మెట్టు: రిగ్గా, బయటా?

రిగ్ (రేడియో సెట్) నుంచి యాంటెన్నా కేబుల్ పీకేయండి. ముల్లు కిందికి పడిపోయిందా? రొద బయటి నుంచి వస్తోంది. పడలేదా? మీ పవర్ సప్లయే దొంగ. ఇది అర నిమిషం పని, అయినా చాలామంది చేయరు.

రెండో మెట్టు: ఇంట్లో కరెంటు మొత్తం ఆపడం

రిగ్గును 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టండి. మామూలు 100 వాట్ల రిగ్ వినడానికి ఒక ఆంపియర్ అటూ ఇటూగా తాగుతుంది కాబట్టి 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ కూడా కొన్ని గంటలు లాగుతుంది. 3.6 మెగాహెర్ట్జ్ దగ్గర ఖాళీ చోటొకటి చూసుకోండి. ప్రీయాంప్ (సిగ్నల్ను పెంచే భాగం) ఆపండి, ఫిల్టరు వెడల్పు 2.4 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచండి, పరీక్ష అయ్యేదాకా దేన్నీ కదపకండి. ఇప్పుడు మెయిన్ ఆపండి.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ లేస్తుంది. చవకరకం ఇన్వర్టర్ చేసే రొద కరెంటు రొద కన్నా ఎక్కువ. నేను మొదటిసారి మెయిన్ ఆపినప్పుడు ముల్లు రెండు గీతలు పైకి పోయింది. రొద బయటిదే అని తీర్మానించుకొని నెల రోజులు స్తంభాల చుట్టూ తిరిగాను. ఇన్వర్టర్ను కూడా ఆపాలి, రూటర్ కింద ఉండే చిన్న బ్యాకప్ డబ్బాను కూడా. ఇల్లు నిజంగా చచ్చిపోయిందని నిర్ధారించుకున్నాకే ముల్లు చూడాలి.

తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే పైకి అనండి. ప్రతిదానికీ ముల్లు ఎక్కడుందో రాసుకోండి. ఏ ఎంసీబీతో ఎగిరిందో ఆ గదిలోకి వెళ్లి ప్లగ్గులు ఒక్కొక్కటే పీకండి. ఎక్కువసార్లు దొరికేవి ఇవి: ఫోను చార్జర్లు, రూటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లు, ఎల్‌ఈడీ బల్బులు, స్కూటర్ చార్జర్, ఫ్యాన్ల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు. రెగ్యులేటర్ను పూర్తిగా తిప్పినప్పుడు రొద పోయి, మధ్యలో ఉంచితే వస్తే అనుమానం అక్కర్లేదు.

ముల్లు మీద గుడ్డి నమ్మకం వద్దు. కాగితం మీద ఎస్9 అంటే 50 మైక్రోవోల్టులు, కిందికి ఒక్కో గీత 6 డెసిబెల్స్. చాలా రిగ్గుల్లో కింది గీతలు ఆ లెక్కకు నిలబడవు. ముందుకీ తర్వాతకీ పోల్చడానికి మాత్రం పనికొస్తుంది.

మూడో మెట్టు: చెవితో గుర్తుపట్టడం

ఇల్లు శుభ్రమైంది, రొద ఇంకా ఉంది. ఇప్పుడు అది ఏ జాతిదో వినాలి. ఈ పని ఏఎం మోడ్‌లో తేలిక.

గర్రుమని ఒకే తీరుగా, మందంగా వచ్చేది తీగల మీద నిప్పురవ్వ. మన కరెంటు 50 హెర్ట్జ్, సైకిల్‌కు రెండుసార్లు రవ్వ లేస్తుంది కాబట్టి శబ్దం సెకనుకు వంద దెబ్బల గురగుర. వదులైన జంపరు (స్తంభం మీద రెండు తీగలను కలిపే ముక్క), తుప్పు పట్టిన బోల్టు, పగిలిన పింగాణీ, తీగను రాసుకునే వేపకొమ్మ, ఏదైనా కావచ్చు. దీనికొక గుణముంది. ఎండ పొడిగా ఉన్నప్పుడు, గాలి వీచినప్పుడు రెచ్చిపోతుంది. మంచి వాన పడితే తడి ఆ సందును కలిపేస్తుంది, రొద ఆగిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో నెలంతా ఏడిపించి తొలకరి చినుకుతో మాయమైందంటే అది స్తంభం మీదిదే.

అక్కడక్కడా గుట్టలు గుట్టలుగా, గరుకైన కూతలాగా వచ్చి, సామాను వేడెక్కేకొద్దీ నెమ్మదిగా పక్కకు జరిగేది స్విచింగ్ సప్లయి (చార్జర్లు, అడాప్టర్లలో ఉండే కరెంటు సర్క్యూట్). గుట్టల మధ్య దూరమే దాని వేలిముద్ర. ఒక చార్జర్ 65 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటోందనుకోండి. 3510, 3575, 3640 కిలోహెర్ట్జ్ దగ్గర దాని పళ్లు కనిపిస్తాయి, 40 మీటర్ల మీద 7020, 7085, 7150 దగ్గర. వాటర్‌ఫాల్ ఉన్న ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చి, బ్యాండంతా బొమ్మగా చూసే చిన్న రిసీవర్) ఉంటే ఈ దువ్వెన కంటికే కనపడుతుంది. చవక డాంగిల్ చాలు, కాకపోతే అది ఈ బ్యాండ్లను వినేరకమో కాదో చూసుకొని కొనండి.

సెకనుకో సెకనున్నరకో ఒకసారి టక్కు, టక్కు అనేది సోలార్ కంచె. అచ్చంపేట వైపు, దేవరకొండ గుట్టల అంచున అడవిపందులకు భయపడి చాలామంది వేసుకున్నారు. బాగున్న కంచె పెద్దగా చప్పుడు చేయదు. గడ్డి పెరిగి తీగకు తగిలినప్పుడు, ఇన్సులేటర్ పగిలి తీగ కర్రకు ఆనినప్పుడు రవ్వ లేచి కిలోమీటరు దూరం వినపడుతుంది. కంచె యజమానికి ఈ మాట చెప్పండి. తన కంచె షాకు నేలలోకి కారిపోతోందని తెలిస్తే మీకన్నా ముందు ఆయనే గడ్డి కోస్తాడు.

పొద్దు పొడిచాక మొదలై, మబ్బు పట్టినప్పుడు మారి, సాయంత్రం ఆగిపోయేది సోలార్ ఇన్వర్టర్ లేదా సోలార్ పంపు కంట్రోలర్. సరిగ్గా వీధిలైట్లు వెలిగే వేళకు వచ్చేది వీధిలైటే.

బోరు మోటరు మీద నింద వేసే ముందు ఒక్కమాట. మామూలు ఇండక్షన్ మోటరులో బ్రష్షులుండవు, నడుస్తున్నంతసేపూ రేడియో రొద పెద్దగా చేయదు. చేసేది స్టార్టర్ డబ్బాలో కాలిపోయిన కాంటాక్టు పాయింట్లు, లేదా వేగం మార్చే డ్రైవ్. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, అంటే 2018 జనవరి 1 నుంచి, ఇంకో చిక్కు. అంతకుముందు కరెంటు వంతులవారీగా వచ్చేది, మోటరు రొదకు వేళ ఉండేది. ఇప్పుడు ఆటో స్టార్టర్లున్న మోటర్లు ఏ వేళకైనా లేస్తాయి. మిర్యాలగూడ లాంటి చోట రైస్‌మిల్లుల పక్కనుంటే డ్రైవ్‌ల రొద సీజనంతా తప్పదు.

అన్నీ స్థానికమే కాదు. 40 మీటర్ల మీద పదుల కిలోహెర్ట్జ్ వెడల్పున బుర్రుమని వచ్చి, కాసేపటికి చోటు మార్చేది ఏదో దేశపు ఓవర్-ది-హొరైజన్ రాడార్ (దిగంతం అవతలికి చూసే రాడార్). దాని కోసం స్తంభాల చుట్టూ తిరగొద్దు. 7200 కిలోహెర్ట్జ్ పైన వినిపించే పాటలు, వార్తలు షార్ట్‌వేవ్ ప్రసారాలు. ఆ స్టేషన్లవాళ్లు హ్యాముల కోసం 7100 నుంచి 7200 దాకా ఖాళీ చేసింది 2009 మార్చి 29న. అంతకుముందు రాత్రిపూట అక్కడ మాట్లాడిన పాతవాళ్లను అడగండి, కథలు చెబుతారు.

నాలుగో మెట్టు: నోటుపుస్తకం

పనిముట్లన్నిటిలో నేను ఎక్కువ నమ్మేది ఇదే. పది రూపాయల పుస్తకంలో ఆరు గళ్లు గీయండి: సమయం, ఫ్రీక్వెన్సీ, ముల్లు, ఎట్లాంటి చప్పుడు, కరెంటు ఉందా, ఎండా వానా. వారం రోజులు, లేచినప్పుడూ పడుకునేటప్పుడూ మధ్యలో వీలైనప్పుడల్లా రాయండి.

నా పుస్తకంలో ఒక వారం ఇట్లా ఉంది. సోమవారం సాయంత్రం 6:25కు ఎస్8 గుట్టలు మొదలు. మంగళవారం 6:20. బుధవారం 6:30. గురువారం లేదు. శుక్రవారం మళ్లీ 6:20. పొద్దున పాలవాళ్లు వచ్చే వేళకు ఆగిపోతోంది. గురువారం ఏం జరిగిందో ఆలోచిస్తే గుర్తొచ్చింది, వెనకింటివాళ్లు పెళ్లికి పోయారు. పాకెట్ రేడియో పట్టుకొని గోడ వెంట నడిస్తే రొద పశువుల కొట్టం దగ్గర పగిలిపోతోంది. లోపల ఒక్క ఎల్‌ఈడీ బల్బు, బర్రె కోసం రాత్రంతా వెలుగుతోంది.

"ఏం తమ్మీ, రాత్రిపూట గోడ పక్కన రేడియో పట్టుకొని తిరుగుతున్నవు?" అంది వెనకింటి వదినె.

"మీ బల్బు నా రేడియోల అరుస్తుంది వదినె. కొత్తది తెచ్చిస్త, మారుస్తరా?"

"బల్బు అరుసుడేంది!" అని నవ్వింది. రేడియో చేతికిచ్చి స్విచ్ ఆపమన్నా. ఆగిపోయింది. వేశాం, మళ్లీ లేచింది. ఆమె మూడుసార్లు ఆపి, వేసి చూసింది. మర్నాడు బరువైన బేస్ ఉన్న మంచి బల్బు తెచ్చిచ్చా. కొనకముందు దుకాణంలోనే పాకెట్ రేడియో పక్కన వెలిగించి చూశా. ఇప్పటికీ బల్బు కొనేటప్పుడు అదే నా పరీక్ష. దుకాణం వాళ్లు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

కరెంటు పోవడం హ్యామ్‌కు వరం. పోగానే బ్యాటరీ మీద విని రాసుకోండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే పోయినప్పుడు రొద ఆగితే అది మీ వీధిలోనే ఉంది. ఊరంతా పోయినప్పుడే ఆగితే వేట దూరం.

ఐదో మెట్టు: కాలినడక

చిన్న మీడియంవేవ్ రేడియోను 1600 కిలోహెర్ట్జ్ దగ్గర ఏ స్టేషనూ లేనిచోట పెట్టండి. లోపల ఫెర్రైట్ (ఇనుము కలిసిన నల్లటి పదార్థం) కడ్డీ ఉంటుంది, మామూలుగా సెట్ పొడవునా. కడ్డీ కొన రొద వైపు చూసినప్పుడు శబ్దం సన్నబడుతుంది. గట్టిగా వినిపించే దిక్కు వెతకొద్దు, అది మసకగా ఉంటుంది. సన్నబడే దిక్కు పదునుగా ఉంటుంది. ఒకచోట నిలబడి ఆ గీత పటం మీద గీయండి, రెండు వందల మీటర్లు నడిచి ఇంకోచోట గీయండి. రెండు గీతలు కలిసేచోట వెతకండి.

తీగల పక్కన మాత్రం ఈ పద్ధతి మోసం చేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ రొద తీగ వెంట పాకుతుంది, ఒక స్తంభం దగ్గర ఎక్కువ, ఇంకోదాని దగ్గర తక్కువ అవుతూ పోతుంది. నాకు అన్నిటికన్నా గట్టిగా వినపడిన స్తంభానికీ అసలు దోషికీ మధ్య మూడు స్తంభాలున్నాయి. అందుకే దగ్గరికి వచ్చేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోవాలి. విమానాలు మాట్లాడే 118 నుంచి 136 మెగాహెర్ట్జ్ బ్యాండును ఏఎంలో వినే రిసీవర్, చేతిలో మూడు పుల్లల యాగి (ఒకే దిక్కు వినే యాంటెన్నా) ఉంటే స్తంభం పట్టుబడుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో రవ్వ చప్పుడు ఎక్కువ దూరం పోదు. ఎఫ్‌ఎం హ్యాండ్‌సెట్ ఈ పనికి రాదు, ఎఫ్‌ఎం ఆ రొదను మింగేస్తుంది.

స్తంభాన్ని తట్టొద్దు, స్టే వైరు ఊపొద్దు, ఎక్కొద్దు. సుత్తితో కొడితే రొద మారుతుందని పాతవాళ్లు చెప్పే చిట్కా నిజమే, కానీ వదులైన తీగ తెగి మీద పడితే చెప్పుకోవడానికి మనిషి ఉండడు. స్తంభం మీది నంబరు రాసుకోండి, ఫొటో తీయండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి లేదా లైన్‌మన్‌ను కలవండి. చెప్పేటప్పుడు రేడియో ఊసెత్తొద్దు. నేను మొదట "రేడియోలో రొద వస్తోందన్నా" అన్నా, ఆయన మర్యాదగా తలూపి వెళ్లిపోయాడు. రెండోసారి "మూడో స్తంభం మీద జంపరు వదులైనట్టుంది, రవ్వలు లేస్తున్నయి" అన్నా. వారంలో బిగించారు. రెండూ నిజాలే, ఆయన పనికి సంబంధించింది రెండోది.

ఆరో మెట్టు: ఫెర్రైట్, చోక్

దొరికిన సామాను మార్చలేకపోతే దాని తీగకు రొదను అడ్డుకునే ఫెర్రైట్ వేయాలి. తీగ మీద క్లిప్ చేసే చిన్న పూస 80 మీటర్ల మీద ఏమీ చేయదు, ఆ డబ్బు దండగ. తీగను రింగులోంచి ఎన్ని చుట్లు తిప్పితే అడ్డు దాదాపు అన్ని చుట్ల వర్గం లెక్కన పెరుగుతుంది. పది చుట్లంటే ఒక చుట్టుకు వంద రెట్లు. రెండు తీగలూ కలిపి ఒకే రింగులోంచి చుట్టాలి, సామానుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర. చార్జరయితే ప్లగ్గు వైపు తీగకూ ఫోను వైపు తీగకూ రెండిటికీ. ఈ బ్యాండ్లకు 31వ మిశ్రమం (ఫెర్రైట్‌లో ఒక రకం) రింగు మేలు. దొరక్కపోతే పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబు మెడ చుట్టూ ఉండే యోక్‌లోని ఫెర్రైట్ చక్కగా పనికొస్తుంది. పాత సామాన్ల దుకాణంలో అడగండి, లేదంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

ఇప్పుడు మీ కోయాక్స్, అంటే యాంటెన్నా కేబుల్. యాంటెన్నా దగ్గర కేబుల్ విప్పి, కొనకు 50 ఓముల రెసిస్టరు కట్టి వినండి. రొద ఇంకా వస్తుంటే అది యాంటెన్నాలోంచి రావడం లేదు, కేబుల్ పై జాలీ వెంట ఇంట్లోంచి పాకుతోంది. ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాను కలిసే చోటు) దగ్గర 31వ మిశ్రమం పెద్ద రింగు మీద కేబుల్‌ను పది పన్నెండు చుట్లు చుట్టండి, చోక్ అంటే ఇదే. ఇల్లు ప్రవేశించే చోట ఇంకొకటి వేస్తే మరీ మంచిది. ఒక్క ఈ పనితో నా ముల్లు రెండు గీతలు దిగింది.

రిగ్ మీద తాత్కాలిక ఉపశమనం

ప్రీయాంప్ ఆపండి. 10 లేదా 20 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్ను తగ్గించే భాగం) వేయండి. ఈ బ్యాండ్లలో బయటి రొదే రిసీవర్ సొంత రొద కన్నా ఎంతో ఎక్కువ, కాబట్టి పోయేదేమీ లేదు, చెవికి హాయి. కంచె టక్కుటక్కుకు నాయిస్ బ్లాంకర్ (దెబ్బ పడ్డ క్షణంలో రిసీవర్ను మూసేసే మీట) పనిచేస్తుంది, గర్రుమనే రొద మీద అంతగా పనిచేయదు. మోర్స్‌లో ఫిల్టరు 2.4 కిలోహెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్‌కు తెస్తే రొద దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. రాత్రి 160 మీటర్ల మీద మాటకన్నా మోర్సే ఎందుకు నిలబడుతుందో దీంతో అర్థమవుతుంది.

ఏడో మెట్టు: వినడానికి వేరే తీగ

80 మీటర్ల డైపోల్ 40 మీటర్లు, 40కి 20 మీటర్లు. ఇంటి గోడకు, సర్వీసు వైరుకు ఎంత దూరం జరిపితే అంత లాభం. నిలువు యాంటెన్నా ఇంటి రొదను ఎక్కువ పీలుస్తుంది. ప్రసారానికి అది, వినడానికి ఇంకొకటి పెట్టుకోవడం తప్పేం కాదు. మీటరు అడ్డకొలత చిన్న లూపును (గుండ్రటి యాంటెన్నాను) డాబా మీద తిప్పుకుంటూ ఒక రొదను సున్నా చేయొచ్చు. ఒకే దిక్కు నుంచి వచ్చేదాన్ని మాత్రమే.

పొలం ఉన్నవాళ్లకు బెవరేజ్ యాంటెన్నా. నూటయాభై మీటర్ల పైచిలుకు తీగ, రెండు మీటర్ల ఎత్తున కర్రల మీద, గట్టు వెంట. దూరపు కొనలో 450 నుంచి 500 ఓముల రెసిస్టరు, అక్కడి నుంచి నేలలోకి కడ్డీ. దగ్గరి కొనలో తొమ్మిదికి ఒకటి ట్రాన్స్‌ఫార్మర్, కోయాక్స్. రెసిస్టరు ఉన్న దిక్కు నుంచి వచ్చేవి బాగా వినపడతాయి, వెనక ఊరి రొద అణిగిపోతుంది. పాలమూరు చెల్కల్లో ఎర్త్ సరిగా పడదని మనం ఎప్పుడూ తిట్టుకుంటాం. బెవరేజ్‌కు కావాల్సింది అట్లాంటి పేద నేలే, తేమ నిండిన నేల మీద అది అంత బాగా పనిచేయదు. ఎర్త్ కడ్డీ దగ్గర మాత్రం రెండు బిందెల నీళ్లు పోయండి.

యాసంగిలో పల్లీ పెట్టని చెల్క ఏదైనా ఉంటే రైతును అడిగి డిసెంబరులో తీగ లాగండి. కర్రకో ఎర్రగుడ్డ ముక్క కట్టండి. దుక్కి మొదలయ్యేలోపు చుట్టేయండి, ట్రాక్టరు మీద కూర్చున్న మనిషికి పలుచని తీగ మెడకు తగిలేదాకా కనపడదు.